ఎఱ్ఱదీపము

కృష్ణానదికి దక్షిణమున, నల్లమల కొండలకును బంగాళాఖాతమునకును నడుమ గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి మైదానము పరచుకొని యున్నది. వానకాలమున అడుగుపెట్టినవాని కాలిని విడువక అంటుకొను ఈ నేల, వేసవి వచ్చుసరికి ఎండి నెఱ్ఱెలు విచ్చును. ఈ నేల పండించు పంటలలో రెండింటికి దేశదేశముల పేరు కలదు. అందొకటి తెల్లనిది, అది పత్తి. రెండవది ఎఱ్ఱనిది, అది మిరప. శీతకాలమున పత్తియు, మాఘ ఫాల్గుణములు మొదలు మిరపయు పొలములను విడిచి పట్టణముల దారి పట్టును.

పూర్వము ఈ సరకంతయు ఎద్దుబండ్లమీద సాగెడిది. బండి తోలువాడు ఎద్దుల ఒగర్పును వినెడివాడు. నోటి నురుగును చూచెడివాడు. చెట్టునీడ కనబడగానే కాడి దించి కుడితి పెట్టెడివాడు. ఎద్దు నోరులేని జీవమే యైనను తన బాధను తెలుపగలదు. తెలిసికొనుటకు యజమానునికి మనసుండిన చాలును. నేడు ఆ పనిని లారీలును, ట్రాక్టర్లును చేయుచున్నవి. ఇనుముతో చేసిన యంత్రమునకు ఒగర్పు లేదు, నురుగు లేదు. అయినను దానికిని ఒక భాష కలదు. చోదకుని యెదుట పలకపై వెలుగు చిన్న దీపములే ఆ భాషలోని అక్షరములు. వానిని చదువనేర్చినవాడే నేటి కాలపు మంచి బండివాడు.

ఏప్రిలు మాసమున ఒక గురువారము నాడు దర్శి ప్రాంతపు రైతొకడు తన యేడాది పంటనంతయు లారీ కెక్కించుకొని గుంటూరికి బయలుదేరెను. కల్లములో ఎండబెట్టి, తాలుకాయ లేరి, గోనెసంచులలో త్రొక్కించిన మిరపకాయలవి. ఆ సంచులను ఆ సీమవారు టిక్కీలందురు. గుంటూరి మిరపకాయల యార్డు ఆసియా ఖండముననే మిక్కిలి పెద్ద మిరప విపణిగా పేరొందినది. శని, ఆదివారములందు అచట బేరములు జరుగవు. గురువారము రాత్రికి సరకు దిగినచో శుక్రవారము ఉదయమున కొనుగోలుదారుల కంటబడును. తప్పినచో సోమవారమువరకు పడిగాపులు పడవలెను. ఆ నడుమ ధర పెరుగునో తరుగునో చెప్పగలవారు లేరు. రైతునకు అప్పు తీర్చవలసిన గడువు దగ్గరపడినది. అందువలన ఆతడు లారీలో కూర్చుండెనన్న మాటయే గాని, ఆతని మనసు ముందుగనే యార్డునకు చేరియుండెను.

లారీ చోదకుడు ముప్పదియేండ్లకు పైగా బండి నడిపిన వృద్ధుడు. ఆతనికడ పని నేర్చుకొనుచున్న క్లీనరు పదునెనిమిదేండ్ల బాలుడు. అద్దంకి దాటి, మార్టూరు దాటి, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై బండి చిలకలూరిపేట వైపునకు సాగుచుండెను. మధ్యాహ్నము రెండుగంటలైనది. ఎండ 43 డిగ్రీల వరకు కాయుచుండెను. దూరమున రహదారిపై ఎండమావులు నీటిమడుగులవలె మెఱయుచుండెను. అప్పుడు చోదకుని యెదుటి పలకపై వేడిని తెలుపు ముల్లు మెల్లగా పైకి జరిగి ఎఱ్ఱగీతను సమీపించెను. మరికొంత సేపటికి, నీటి అలలలో నిలిపిన ఉష్ణమాపకమువంటి చిన్న గుర్తు ఎఱ్ఱగా వెలిగెను.

చోదకుడు వేగము తగ్గించి, రహదారి వార వేపచెట్టు నీడన బండి నాపి ఇంజను నార్పెను.

రైతు ఉలికిపడి, "అన్నా! ఏమైనది? బండి బాగుగనే నడచుచున్నది కదా! చప్పుడు లేదు, పొగ లేదు. చిలకలూరిపేట ఇంకెంతో దూరము లేదు. అచటికి పోయి చూచుకొనరాదా?" అనెను.

"తమ్ముడా! బండి నడచుచున్నమాట నిజమే. దప్పికతో చావబోవు ఎద్దుకూడ కూలబడు క్షణమువరకు నడచుచునే యుండును," అని చోదకుడు బదులు చెప్పి క్రిందికి దిగెను.

ఇంతలో క్లీనరు ఒక గుడ్డ చేత బట్టుకొని, రేడియేటరు మూత విప్పుటకు పరుగెత్తెను. వృద్ధుడు ఆతని చేయి గట్టిగా పట్టుకొని, "అబ్బాయీ! ఆ మూత ఇప్పుడు విప్పితివా, నీ ముఖము నీది కాదు," అనెను. బాలుడు నివ్వెరపోయెను.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. బహిరంగముగా కాచిన నీరు 100 డిగ్రీల యొద్ద మరగును. రేడియేటరు మూత గాలి చొరకుండ బిగియబట్టి లోపల ఒత్తిడిని పెంచును. ఒత్తిడి పెరిగినచో నీరు మరగుటకు మరింత వేడి కావలెను. అందుచేత లోపలి నీరు 100 డిగ్రీలను దాటియు మరగక నిలిచియుండును. మూత విప్పగానే ఒత్తిడి తొలగును. ఆ క్షణముననే నీరు ఆవిరియై, చిమ్మనగ్రోవినుండి వెడలినట్లు పైకి ఎగయును. వేసవిలో తొందరపడి మూత విప్పి ముఖము, చేతులు కాల్చుకొన్నవారు పెక్కుమంది కలరు. వేడెక్కిన ఇంజనును తాకి చూడవలె ననిపించినపుడు మొదట చేయవలసిన పని ఏమియు చేయక వేచియుండుటయే.

అట్లు వారు చెట్టునీడన కూర్చుండిరి. రైతు మాటిమాటికి రహదారివైపు చూచుచుండెను. బాలుడు మాత్రము, "గురువుగారూ! ఇంజనులో మండునది నూనె కదా! మండు వస్తువునకు వేడి యుండుట సహజము. ఆ వేడికి భయపడనేల?" అని యడిగెను.

ప్రశ్న మంచిది. ఇంజను లోపల గుండ్రని గొట్టములవంటి గదులు కలవు. వానిని సిలిండరు లందురు. వానిలో ముషలమువలె పైకి క్రిందికి ఆడునది పిస్టను. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని అదిమి, అదిమి మిక్కిలి వేడెక్కించును. ఆ వేడిగాలిలోనికి డీజిలు సన్నని తుంపరగా చిమ్మబడగనే తనంత తానుగా మండును. ఆ మంట పిస్టనును క్రిందికి నెట్టును. ఆ నెట్టుడే చక్రములను త్రిప్పును. మండు క్షణమున ఆ వాయువుల వేడి 2000 డిగ్రీల వరకు పోవును. ఇనుము సుమారు 1538 డిగ్రీల యొద్దను, అల్యూమినియము 660 డిగ్రీల యొద్దను కరగును. అనగా ఏ లోహముతో ఇంజను చేయబడినదో ఆ లోహమును కరగింపజాలిన మంట దాని కడుపులోననే నిముషమునకు వేలసార్లు పుట్టుచున్నది. అయినను అది కరుగుట లేదు. దానికి కారణము నీరు.

ఇంధనములోని శక్తిలో సగముకంటె తక్కువయే చక్రములకు చేరును. మిగిలినదంతయు వేడియై పొగగొట్టము గుండ కొంత, నీటి గుండ కొంత వెలికి పోవలసినదే. సిలిండరుల చుట్టును సన్నని కాలువలలో నీరు ప్రవహించుచుండును. పంపు దానిని త్రిప్పును. వేడెక్కిన నీరు ముందున్న రేడియేటరులోని సన్నని గొట్టములలో దిగును. రేడియేటరు రేకుల నడుమ గాలి వీచి ఆ వేడిని కొనిపోవును. చల్లబడిన నీరు మరల ఇంజనునకు చేరును. ఆరోగ్యముగా నున్న ఇంజనులో ఈ నీటి వేడి ఇంచుమించు 80 మొదలు 95 డిగ్రీల నడుమ నుండును. దానికి తగ్గుటయు మంచిది కాదు. మించుటయు మంచిది కాదు. మనిషి ఒంటికి జ్వరమెట్లో, యంత్రమునకు ఆ మితి దాటిన వేడి యట్లే.

మితి దాటినచో ఏమగును? లోహము ఉబ్బును. పిస్టనునకును సిలిండరునకును నడుమ పలుచని పొరగా నిలిచి రాపిడిని తగ్గించు నూనె మరియు పలుచబడి తన పని మానును. ఇంజనునకు పైమూతయగు సిలిండరు హెడ్డు వంగును, లేదా పగులును. దానిక్రింద నుంచిన గాస్కెటు కాలును. తుదకు పిస్టను సిలిండరులో బిగుసుకొని పోవును. అపుడు బండిని లాగికొనిపోవుట తప్ప వేరు మార్గము లేదు. దీపము వెలిగిన పిమ్మట ఇంకను కొంతదూరము బండి నడచును. ఆ కొంతదూరమే యంత్రమును చంపునది.

"ఈ సంగతి నాకు పుస్తకము చెప్పలేదు, నష్టము చెప్పినది," అని వృద్ధుడు తన వయసునాటి ముచ్చట యొకటి చెప్పెను. ఆత్మకూరు నుండి దోర్నాలకు వచ్చు నల్లమల ఘాటుదారిలో, నిండు మే నెలలో, ఆతడు బరువుతో వచ్చుచుండెను. ఎఱ్ఱదీపము వెలిగినది. "అడవిలో ఏల ఆగవలెను? ఘాటు దిగి ఆగుదమనుకొంటిని. ఘాటు దిగలేదు. ఇంజను బిగుసుకొన్నది. రెండురాత్రులు అడవిలో పడియుంటిమి. ఇంజను మరమ్మతునకైన అప్పు తీర్చుటకు రెండేండ్లు పట్టినది. అరగంట ఆగియున్నచో రెండేండ్లు మిగిలెడివి," అనెను. రైతు ఆ మాట విని రహదారివైపు చూచుట మానెను. అప్పు అనుమాట ఆతనికి విడమరచి చెప్పనక్కర లేదు.

ముప్పావుగంట గడచిన పిదప ఇంజను చేతికి ఓర్వదగినంత చల్లబడెను. వృద్ధుడు మూతపై మందపుగుడ్డ కప్పి, కొంచెము త్రిప్పి, లోపలి ఆవిరిని మెల్లగా పోనిచ్చి, ఆ పిమ్మట విప్పెను. నీరు చాలవరకు తరిగియుండెను. వెదకగా రెండు తప్పులు బయటపడినవి. మొదటిది, రబ్బరు గొట్టమును బిగించిన క్లిప్పు వదులై, నీరు బొట్టుబొట్టుగా కారిపోవుచుండుట. రెండవది, రేడియేటరు ముందువైపున తెల్లని దుప్పటివంటి పొర యొకటి కట్టియుండుట. ఆ లారీ శీతకాలమంతయు పల్లెలనుండి జిన్నింగు మిల్లులకు పత్తి తోలినది. గాలికి లేచిన పత్తిపింజలు రేడియేటరు రేకులలో చిక్కుకొన్నవి. వానిపై నల్లరేగడి దుమ్మును, దారిలోని పురుగులును పేరుకొన్నవి. ముక్కున దూది క్రుక్కినచో మనిషికి ఊపిరాడనట్లు, రేడియేటరునకును గాలి యాడలేదు. శీతకాలమున ఆ లోపము కనబడలేదు. ఏప్రిలు ఎండలో, నిండు బరువుతో పోవునపుడు బయటపడినది. తెల్లపంట చేసిన కీడు ఎఱ్ఱపంట నాటికి తెలియవచ్చెను.

బాలుడు మెత్తని కుంచెతో ఆ పింజలను దులిపెను. క్లిప్పును బిగించిరి. ప్రక్కచేని బోరునుండి నీరు తెచ్చి, ఒక్కసారిగా గాక కొంచెముకొంచెముగా పోసిరి. కాగిన ఇనుముపై చన్నీరు గుప్పినచో అది పగులును. "ఈ నీరు గుంటూరు చేరువరకే. అచట దీనిని తీసివేసి కూలెంటు పోయింపవలెను," అని వృద్ధుడు చెప్పెను. ఆ సీమలో పెక్కుచోట్ల బోరునీరు ఉప్పదనము, సున్నపుగుణము కలది. నీళ్లు కాచు పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుటను ప్రతి గృహిణియు ఎఱుగును. ఆ పెచ్చే ఇంజను కాలువలలోను కట్టి, దారిని ఇరుకు చేయును. వేడిని నీటికి అందనీయక అడ్డగించును. ఉచితముగా లభించు నీరు అట్లు క్రమముగా ఖరీదైన నీరగును.

బండి మరల కదలుటకు ముందు బాలునికి ఇంకొక సందేహము కలిగెను. "గురువుగారూ! ఈ తిప్పలన్నియు ఎండవలననే కదా! మంచుదేశములలో లారీ నడుపువారు అదృష్టవంతులు. వారికి ఎఱ్ఱదీపముతో పనియే యుండదు."

వృద్ధుడు నవ్వెను. గుంటూరు సీమవారికి గట్టిచలి యనగా మిరపకాయలు దాచు కోల్డు స్టోరేజి గోడల లోపలి చలియే. కాయ రంగు చెడక, పురుగు పట్టక యుండుటకై ఆ గదులను పది డిగ్రీలకు లోబడిన చలిలో నుంతురు. కాని చలి యనునది అంతటితో ఆగునది కాదు. లడఖులోని ద్రాసు వంటి తావులలో శీతకాలమున ఉష్ణము సున్నకు దిగువ 20 డిగ్రీలకంటెను తగ్గును. అట్టిచోట ఇంజను ఎదుర్కొను కష్టములు వేఱు. వానికిని దీపములు కలవు.

మొదటి కష్టము ఇంధనమునకు కలుగును. పుష్యమాసపు తెల్లవారుజామున సీసాలోని కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టుట గుంటూరు పిల్లలకును తెలిసినదే. డీజిలులోను మైనమువంటి పదార్థము కరగి యుండును. చలి ముదిరినచో ఆ మైనము రేణువులుగా విడివడి ఫిల్టరును మూసివేయును. ట్యాంకు నిండ డీజిలున్నను ఇంజనునకు చుక్కయు అందదు. అట్టి సమయమున ట్యాంకు క్రింద మంటపెట్టి వెచ్చజేయుటకు సాహసించు చోదకులును కలరు. అది ప్రాణముతో చెలగాట మాడుట. ఈ ఇక్కట్టును తీర్చుటకై ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో లడఖు మొదలగు శీతలసీమల కొరకు ప్రత్యేకమైన చలికాలపు డీజిలును విడుదల చేసినది. అది సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారుగుణము కోల్పోదు.

రెండవ కష్టము ఇంజను నూనెకు కలుగును. చలిలో అది ముదురు బెల్లపుపాకమువలె చిక్కబడును. పంపు దానిని పీల్చి పై భాగములకు పంపుటకు ఆలస్యమగును. ఆ ఆలస్యములో లోహము లోహముతో రాచుకొనును. అందుకే నూనె డబ్బాలపై 15డబ్ల్యు-40 వంటి గుర్తులు ముద్రింతురు. అందు డబ్ల్యు అను అక్షరము ఇంగ్లీషులో శీతకాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె యెంత తక్కువయో, ఆ నూనె చలిలో అంత చురుకుగా పారును.

మూడవ కష్టము బ్యాటరీకి కలుగును. బ్యాటరీలో విద్యుత్తును పుట్టించునది రసాయనచర్య. చలిలో ఆ చర్య మందగించును. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో సాధారణమైన సీసపు బ్యాటరీ తన బలములో ఇంచుమించు సగము కోల్పోవును. నూనె చిక్కబడి ఇంజను త్రిప్పుటకు ఎక్కువ బలము కావలసిన వేళననే బ్యాటరీ బలహీనమగుట గమనింపదగినది.

నాలుగవ కష్టము నీటిది. నీరు గడ్డకట్టునపుడు నూటికి తొమ్మిది వంతుల మేర వ్యాకోచించును. ఇంజను కాలువలలో వట్టినీరే యున్నచో, రాత్రి గడ్డకట్టి ఉబ్బి, అరచేతి మందపు ఇనుమునైనను చీల్చును. దీనికి విరుగుడుగా నీటిలో ఎథిలీను గ్లైకాలు అను ద్రవమును కలుపుదురు. సగపాలు నీరు, సగపాలు ఆ ద్రవము కలిపినచో అది సున్నకు దిగువ 35 డిగ్రీలలోను గడ్డకట్టదు. అంతియేకాక, అది మరగు మితియు నీటికంటె కొన్ని డిగ్రీలు హెచ్చు. త్రుప్పును, పెచ్చును అడ్డుకొను మందులును అందు కలిసియుండును. మంచుదేశమునకు మేలు చేయు ఆ ద్రవమే ఎండదేశమునకును ఔషధమైనది. వృద్ధుడు గుంటూరిలో పోయింతునన్న కూలెంటు అదియే.

ఈ రెండు సీమలను కలుపు వింత యింకొకటి కలదు. 2020 ఏప్రిలు 1 నుండి భారతదేశమున అమ్ము క్రొత్తబండ్లకు బి.ఎస్.-6 అను కఠినమైన పొగ నియమము వర్తించినది. నాటినుండి పెక్కు డీజిలు లారీలు, డీజిలు ట్యాంకు ప్రక్కన వేరొక చిన్న ట్యాంకులో మిక్కిలి శుద్ధమైన యూరియా ద్రావణమును మోయుచున్నవి. రైతు చేనిలో చల్లు యూరియా జాతిదే అది. నూటికి ముప్పదిరెండున్నర వంతులు యూరియా, తక్కినది శుద్ధజలము. పొగలోని విషవాయువును అది నిరపాయకరమైన నత్రజనిగా మార్చును. ఆ ద్రావణము సున్నకు దిగువ 11 డిగ్రీలలో గడ్డకట్టును. మిక్కిలి ఎండలో నిలువయుంచినచో చెడును. దాని కొఱతను తెలుపుటకును పలకపై ఒక దీపము కలదు.

చలిలో ఇంజను వేడెక్కదనుకొనుటయు పొరపాటే. 1911లో కెప్టెను స్కాటు దక్షిణధ్రువ యాత్రకు మూడు మోటారు స్లెడ్జిలను కొనిపోయెను. అందొకటి ఓడనుండి దింపుచుండగనే మంచుపొర పగిలి సముద్రమున మునిగెను. తక్కిన రెండును అక్టోబరు తుదిభాగమున ధ్రువమువైపు బయలుదేరినవి. చుట్టును ఎటుచూచినను మంచే. అయినను బరువు లాగుటలో వాని సిలిండరులు మితిమీరి వేడెక్కెను. ఆపి చల్లార్చుచుండగా కార్బ్యురేటరు చలికి బిగిసెడిది. నవంబరు ఆరంభమునకు రెండును మూలబడినవి. వాని వెంటనున్నవారు బరువులను తామే లాగుకొని పోవలసివచ్చెను. లోకములోని మంచంతయు చుట్టునున్నను, లోపలి వేడిని వెలుపలికి చేర్చు మార్గము సరిగా లేనిచో యంత్రము కాలిపోవునని ఆ యాత్ర నిరూపించినది. మాస్కో యొద్ద 1941 చలికాలమున జర్మను సైన్యపు బండ్లు ఇంకొక పాఠము నేర్పినవి. నూనె గడ్డకట్టి, ఇంజనులు కదలక, రాత్రులందు వాని క్రింద మంటలు వేయవలసివచ్చెను. మొదటిది చలిలో వేడి చేసిన చేటు. రెండవది చలియే చేసిన చేటు.

కాబట్టి చలిదేశమైనను, ఎండదేశమైనను యంత్రము కోరునది ఒక్కటే. తన మితిలో తానుండుట. ఆ మితి తప్పినపుడు అది దీపము వెలిగించును. ఈ దీపముల గుర్తులు చాలవరకు దేశదేశముల ఒక్కటియే. లడఖు చోదకునికిని, దర్శి చోదకునికిని అవి ఒకే తీరున కనబడును. ఏ లిపియు నేర్వనివాడును వానిని చదువవచ్చును. ఎఱ్ఱరంగు ఆగుమని చెప్పును. పసుపురంగు త్వరలో చూపించుకొనుమని చెప్పును. ఆకుపచ్చ, నీలము రంగులు ఏదో యొకటి పనిచేయుచున్నదని మాత్రము తెలుపును. నూనెచెంబువంటి ఎఱ్ఱగుర్తు నూనె ఒత్తిడి పడిపోయినదని తెలుపును. దానిని చూచినంతనే సురక్షితమైన చోట ఇంజను నార్పవలెను, నిముషముకూడ ఉపేక్షింపరాదు. చిన్నపెట్టెవంటి ఎఱ్ఱగుర్తు బ్యాటరీకి విద్యుత్తు చేరుట లేదని తెలుపును. కొన్ని బండ్లలో విద్యుత్తును పుట్టించు యంత్రమును, నీటిపంపును ఒకే బెల్టు త్రిప్పును గనుక, అది తెగినచో ఈ దీపము వెంట వేడిదీపమును వెలుగును. ఇంజను ఆకారపు పసుపుదీపము లోపలి గణకయంత్రము ఏదో లోపమును కనిపెట్టినదని తెలుపును.

ఈ భాష నేర్చుకొనుట కష్టము కాదు. వినుటయే కష్టము. దీపము కనులకు గ్రుచ్చుకొనుచున్నదని దానిపై నల్లపట్టీ అంటించువారును కలరు. "ఈ దీపము ఎప్పుడును వెలుగుచునే యుండును లెమ్ము," అని అలవాటు పడినవారును కలరు. జ్వరము చూపినదని ఉష్ణమాపకమును విరుగగొట్టినచో జ్వరము తగ్గునా?

మూడుగంటలు దాటిన పిమ్మట లారీ మరల కదలెను. వృద్ధుడు తొందరపడలేదు. ముల్లు తన చోటును విడువకుండ చూచుకొనుచు మెల్లగా నడిపెను. చిలకలూరిపేటలో మరల ఆపి నీరు సరిచూచెను. అచటినుండి గుంటూరు ఇంచుమించు 40 కిలోమీటర్లు. దీపాలవేళకు బండి యార్డు చేరినది. ముందు వచ్చిన బండ్ల వెనుక వరుసలో నిలిచి, రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట టిక్కీలు దింపుకొనిరి. శుక్రవారము ఉదయమున సరకు బేరమునకు అందినది. ధర రైతు ఆశించినంత గొప్పదియు కాదు. భయపడినంత తక్కువయు కాదు. అయినను కాయ చేతినుండి చేతికి క్షేమముగా చేరినది.

డబ్బు తీసికొని రైతు లారీవద్దకు వచ్చి, "అన్నా! నిన్న నీవు బండి నాపినపుడు నాకు మిక్కిలి కోపము వచ్చినది. మనసులో తిట్టుకొంటిని కూడ," అనెను.

"ఎవరికైన వచ్చును, తమ్ముడా! దీపము నాకు వెలిగినది. గడువు నీకు దగ్గరపడినది. ఎవరి భయము వారిది," అని వృద్ధుడు నవ్వెను.

ఆనాడు కూలెంటు పోయించి, రేడియేటరు కడిగించి, తిరుగు ప్రయాణమునకు సిద్ధమైనపుడు, వృద్ధుడు తాళపుచెవిని బాలుని చేతికిచ్చెను. "త్రిప్పుము. కాని ఇంజను నింకను నడిపింపకుము," అనెను. బాలుడు సగము త్రిప్పగనే పలకపైని దీపములు పెక్కు ఒక్కమారు వెలిగెను. అవి తాము బ్రదికియున్నామని తెలుపు వెలుగది. కొన్ని క్షణములలో ఆరిపోవుచో అంతయు క్షేమమే. ఏదైన ఒకటి వెలుగనే వెలుగకున్నచో, ఆపదవేళ అది నోరు మెదపజాలదని గ్రహింపవలెను. బాలుడు ఒక్కొక్క గుర్తుపై వ్రేలుంచి, దాని పేరు చెప్పుచు వచ్చెను. ఒక్కటి తప్పినపుడు వృద్ధుడు దిద్దెను. అన్నియు చెప్పిన పిమ్మటనే ఇంజను పలికినది.

నాటినుండి ఆ లారీ ఎన్నడు కదలినను, ముందుగా ఆ పాఠము జరుగుచుండెను. ఎద్దు కంటిలోనికి చూచి కాడి కట్టిన తాతల అలవాటే అది. చూడవలసిన కన్ను మాత్రము మారినది.